ఫిడేలు నాయుడుగారు: ద్వారం వేంకటస్వామి నాయుడుగారి జీవితము

మార్కాపురపు పలక నెఱుగని తెలుగు బాలుడు పూర్వము అరుదు. గనులలో తీసిన రాతిని పలుచని పొరలుగా చీల్చి, నునుపు చేసి, చెక్కచట్రము బిగించి పంపిన పలకలపై ఎన్నో రాష్ట్రముల పిల్లలు ఓనమాలు దిద్దిరి. ఆ పలకపై అక్షరము దిద్దగలుగుటయే చదువునకు మొదటి మెట్టు. అయితే పలకపై వ్రాసిన అక్షరము కంటికి ఆనని బాలుని గతి యేమి? అట్టివానిని బడి యేమి చేయవలెను? తల్లిదండ్రు లేమి చేయవలెను? ఊరివా రేమి చేయవలెను? ఈ ప్రశ్నలకు తెలుగుదేశమున లభించిన మేలైన సమాధానములలో ఒకటి ద్వారం వేంకటస్వామి నాయుడుగారి జీవితము. చూపు చాలదని బడి విడువవలసి వచ్చిన బాలుడు దక్షిణదేశమున అగ్రశ్రేణి వాయులీన విద్వాంసుడై, ఒక కళాశాలకు ప్రిన్సిపాలై, ఎందరకో జీవనమునకు దారి చూపిన వృత్తాంత మిది.

నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన దీపావళినాడు బెంగుళూరులో జన్మించిరి. తండ్రి వెంకటరాయుడుగారు సైన్యములో ఉద్యోగము చేసినవారు. పిదప వారి కుటుంబము విశాఖపట్టణమునకు వచ్చి స్థిరపడెను. నాయుడుగారి బాల్యమంతయు ఆ సముద్రతీరముననే గడచెను. ఇంట సంగీతము ఉండెను. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారు వాయులీనము నేర్చినవారు. పండుగనాడు పుట్టిన బిడ్డకు వెలుగే కొఱతయైనది. చిన్ననాటనే చూపు మందగించుటచే నల్లబల్లపై అక్షరములు, పుస్తకములోని పంక్తులు స్పష్టముగా కనిపించెడివి కావు. ఈ కంటితో చదువు సాగదని బడి మాన్పింపవలసి వచ్చెను.

ఆ కాలమున బడి మానుట యనగా ఏమో నేటివారు కొంచెము ఊహించుకొనవలెను. చూపులేనివారు చేతివ్రేళ్లతో తడవి చదువుటకు వీలగు చుక్కల లిపిని ఫ్రాన్సు దేశమున లూయీ బ్రెయిలీ 1829లోనే ప్రకటించి యుండెను. కాని అది తెలుగు బాలుని చేతికి అందలేదు. భారతదేశమున అంధులకై మొదటి పాఠశాల 1887లో అమృతసరమున వెలసెను. దక్షిణమున 1890లో పాళయంకోటలో నొకటి వెలసెను. భారతీయ భాషల కన్నిటికి సమానముగ పనికివచ్చు భారతీ బ్రెయిలీ 1951లో గాని స్థిరపడలేదు. అనగా నాయుడుగారు బడి విడిచిననాడు, అట్టి పిల్లవానికి తెలుగు చదువు చెప్పు విధానమే దేశమున స్థిరపడి యుండలేదు. ఇక మిగిలిన దారులు రెండే. ఇంటివారిపై ఆధారపడి ఒక మూల కూర్చుండుట ఒకటి. గొంతు బాగున్నచో దేవాలయపు మెట్లపై పాడి వచ్చినదానితో బ్రతుకుట రెండవది. ఈ రెండును కాని మూడవ దారి నాయుడుగారికి దొరకెను. అది వారి అన్నగారు చూపిన దారి.

వెంకటకృష్ణయ్యగారు తమ్ముని చేతికి ఫిడేలు నిచ్చిరి. ముందుచూపుతో చేసిరో, తమకు వచ్చిన విద్య అదియే గావున చేసిరో గాని, అంతకంటె తగిన పరికరము ఆ బాలునకు దొరకదు. వీణపై 24 మెట్లుండును. ఏ స్వరము ఎచ్చట నున్నదో ఆ మెట్లు చెప్పును. ఫిడేలుపై మెట్లు లేవు. తీగెపై వ్రేలు ఎచ్చట మోపవలెనో చెప్పునది చెవి యొక్కటియే. వెండ్రుకవాసి అటునిటైనను స్వరము చెడును. ఆ చెడుటను కన్ను పట్టలేదు, చెవి పట్టును. కావున చూపుగల విద్యార్థికిని చూపులేని విద్యార్థికిని ఆ పలకకట్టెపై భేదము లేదు. పైగా కర్ణాటక సంగీతమును గురువు పాడగా విని, విన్నదానిని తిరిగి పలికించుటయే మనవారి పద్ధతి. సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు, గీతములు, వర్ణములు, కృతులు అన్నియు ముఖతః వచ్చునవే. పలక చదువులో వెనుకబడిన బాలుడు ఈ చదువులో ముందునకు రాగలిగెను.

ఇందు మఱియొక లౌకికమైన సంగతి కూడ కలదు. ఆ రోజులలో పాటకచేరీ యెవరిదైనను పక్కన ఫిడేలు ఉండవలసినదే. గాయకు డొకడు, వేణువు వాయించువా డింకొకడు, హరికథ చెప్పు భాగవతా రొకడు. వీరి కందఱకు ఫిడేలు తోడు కావలెను. ఐరోపా నుండి వచ్చిన ఈ వాద్యమును ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మన సంగీతమున చేర్చిన పిదప, కొలది తరములలో అది లేని సభ లేకుండెను. మంచి గాయకునకైనను సభలు దొరకని దినములుండును గాని, మంచి ఫిడేలు విద్వాంసునకు పిలుపు రాని దినములు తక్కువ. నలుగురికి కావలసిన పనిని నేర్చినవాడు ఎవరి దయకొఱకును ఎదురుచూడ నక్కరలేదు. అంగవైకల్యము గల బిడ్డకు విద్య నేర్పు తల్లిదండ్రులు ఆలోచింపవలసిన విషయములలో ఇది ముఖ్యమైనది.

నాయుడుగారు అట్లు సంవత్సరముల తరబడి సాధన చేసిరి. చూపు తక్కువైనవారికి భగవంతుడు చెవిని ఎక్కువ చేయునని లోకులు అందురు. అది వినుటకు ఇంపుగా ఉండును గాని, అందువలన మనుష్యుడు పడిన శ్రమ మఱుగున పడిపోవును. కమాను నొక్క చివరనుండి మఱియొక చివరకు తొట్రుపాటు లేక లాగుటకే నెలలు పట్టును. ధ్వని చీలక, గరగర లేక, నిండుగ వచ్చుటకు ఏండ్లు పట్టును. నాయుడుగారికి వచ్చినది వరము కాదు; అన్నగారి ఓర్పును, తమ పట్టుదలయు కలిసి సంపాదించిన విద్య.

ఇంతలో విజయనగరమున ఒక విశేషము జరిగెను. సంస్థానమున కొలువున్న చాగంటి జోగారావుగారి కుమారుడు అంధుడు. సంగీతముపై మక్కువ కలవాడు. ఆ బాలుని భవిష్యత్తునకు ఏదైన దారి చూపుమని తండ్రి పూసపాటి విజయరామ గజపతి మహారాజులవారికి విన్నవించెను. ప్రభువులు తలచుకొన్నచో ఆ బాలునకు నెలకింత భరణము వ్రాసియిచ్చి ఊరకుండవచ్చును. అట్లు చేసియున్నను దాతలని పేరు వచ్చియుండెడిది. వారు అట్లు చేయలేదు. ఆ ఒక్క బాలుని కొఱకే గాక అట్టి ఆసక్తి గల అందఱకు ఉపయోగపడునట్లు 1919వ సంవత్సరమున సంగీత కళాశాలను స్థాపించిరి. ఒక తండ్రి కొడుకునకై చేసిన మనవి ఒక జాతికి విద్యాలయమైనది. హరికథా పితామహులని పేరొందిన శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమ ప్రిన్సిపాలుగ నియుక్తులైరి.

నాయుడుగారు ఆ కళాశాలకు మొదట విద్యార్థిగ చేరుదమనియే వెళ్లిరని చెప్పుకొందురు. వారి వాద్యము విన్నంతనే, ఈయన కూర్చుండవలసినది శిష్యుల వరుసలో కాదని పెద్దలు గ్రహించిరి. తమ యిరువదియాఱవ యేట నాయుడుగారు ఆ కళాశాలలో వాయులీనాచార్యులైరి. ఈ ఘట్టమున కొంచెము ఆగి ఆలోచింపవలెను. బడిచదువు పూర్తికాలేదు. పట్టా లేదు. కన్ను సరిగా లేదు. కాగితములు చూచి ఉద్యోగ మిచ్చు పద్ధతియే అక్కడ ఉండినచో, ఆయన గుమ్మము దాటి యుండరు. అచ్చట చూచినవారు కాగితమును చూడలేదు, కన్నును చూడలేదు. పనిని విని నిర్ణయించిరి. నారాయణదాసుగారు స్వయముగా మహావిద్వాంసులు గావున విద్వత్తును గుర్తింపగలిగిరి. విద్య తెలిసినవాడు ఎంపిక చేయు స్థానమున నుండుట అర్హులకు ఎంత మేలో దీనివలన తెలియును.

అధ్యాపకులుగ నుండుచునే నాయుడుగారు నాటి ప్రసిద్ధ గాయకుల కెందరకో పక్కవాద్యము వాయించిరి. పక్కవాద్య మనగా గాయకుని నీడవలె నడచుట. అతడు ఏ సంగతి వేయునో, ఏ స్వరము కడ నిలుచునో ముందుగ తెలియదు. విన్న క్షణముననే అందుకొనవలెను. గాయకుని ముఖము చూచి సైగలు గ్రహించు అవకాశము నాయుడుగారికి అంతగా లేదు. వినుటయే ఆధారము. ఆ వినుట ఎంత సూక్ష్మమైనదో కాని, వారి వాద్యము పక్కన ఉన్నంతసేపు పాటకు నిండుదనము వచ్చెడిదని ప్రతీతి. కమాను నిండుగ లాగి, గానమున కంఠము పలికినట్లు తీగెను పలికించుట వారి బాణీ. పాశ్చాత్య విద్వాంసుల వాయులీనమును కూడ వారు శ్రద్ధతో వినెడివారు. ఫ్రిట్జు క్రైస్లరు వాద్యముపై వారికి ప్రీతి మెండు. అక్కడి కమాను నేర్పును గ్రహించి, మన రాగభావమునకు ఒదిగించుకొనిరి. ఇతరుల విద్య మంచిదైనచో స్వీకరించుటకు వారు సంకోచింపలేదు. స్వీకరించినదానితో తమ సంప్రదాయమును చెఱుపుకొననూ లేదు.

ఆ దినములలో ఫిడేలు పక్కవాద్యమే గాని, దానినే ప్రధానముగ పెట్టి సభ జరుపుట అరుదు. నాయుడుగారు దానిని మధ్యకు తెచ్చినవారిలో ముఖ్యులు. 1938లో వేలూరులో వారి ఏకవాద్య సభ జరిగెను. పిదప అట్టి సభలు ఎన్నియో జరిగెను. పక్కన కూర్చుండిన వాద్యము సభకు నడుమ కూర్చుండెను. ఇది ఒక్క వాద్యమునకు వచ్చిన గౌరవము కాదు. ఎప్పుడును మఱియొకరికి తోడుగ ఉండుటయే తనకు తగినదని సంఘము నిర్ణయించిన మనుష్యుడు, స్వయముగా సభను నడపగలడని నిరూపించిన సన్నివేశము కూడ.

నారాయణదాసుగారి తరువాత 1936లో నాయుడుగారు కళాశాలకు ప్రిన్సిపాలైరి. అంధబాలుని కొఱకు పుట్టిన విద్యాలయమును, చూపు చాలక బడి విడిచిన విద్వాంసుడు నడపుట సంభవించెను. ఆ కాలము సంగీతము నేర్చినవారికి క్రొత్త క్రొత్త జీవనోపాధులు పుట్టుచున్న కాలము. 1932లో తెలుగు మాటలాడు చిత్రము వెలువడెను. చిత్రములకు పాటలు, పాటలకు వాద్యబృందములు కావలసి వచ్చెను. 1938లో మదరాసున ఆకాశవాణి కేంద్రమును, 1948లో విజయవాడ కేంద్రమును నెలకొనెను. రేడియోలో ప్రతిదినమును గాయకులు, వాదకులు కావలెను. గ్రామఫోను పళ్లెములు ఊరూర తిరుగుచుండెను. పూర్వము సంస్థానాధీశుని ఆదరముపై ఆధారపడిన కళాకారునకు ఇప్పుడు నెలజీతపు ఉద్యోగములు వచ్చుచుండెను. ఇట్టి సమయమున క్రమశిక్షణతో సంగీతము నేర్పు విద్యాలయ మొకటి సిద్ధముగ ఉండుట తెలుగువారి అదృష్టము. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పేదరికమున వారములు చేసికొని, మధుకరమెత్తి విజయనగరముననే సంగీతము నేర్చిరి. పి. సుశీలగారు ఆ కళాశాలలోనే చదివిరి. నేదునూరి కృష్ణమూర్తిగారు, నూకల చినసత్యనారాయణగారు మొదలగు విద్వాంసులును ఆ నీడన పెరిగినవారే. మార్కాపురము, గిద్దలూరు, కంభము పల్లెలలో ఏ యింటి రేడియో విప్పినను, ఏ పెండ్లి పందిటి మైకు మ్రోగినను వినవచ్చిన పాటకు మూలము వెదకినచో, అందొక పాయ విజయనగరమునకు పోవును.

నాయుడుగారి యింట సంగీతము వంశవిద్యయై నిలిచెను. కుమారుడు భావనారాయణరావుగారు, కుమార్తె మంగతాయారుగారు విద్వాంసులై పేరుగాంచిరి. ఒకనాడు కంటిచూపు లేక వెనుకబడునని భయపడిన పిల్లవాడు తరతరములకు విద్యను ఆస్తిగ నిచ్చెను.

గౌరవములు వారిని వెదకికొని వచ్చెను. 1941లో మదరాసు సంగీత విద్వత్సభ వారికి సంగీత కళానిధి బిరుదము నొసగెను. ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1957లో పద్మశ్రీ పురస్కారమును లభించెను. 1952లో ప్రపంచ ప్రసిద్ధుడైన వాయులీన విద్వాంసుడు యెహుది మెనుహిను భారతదేశమునకు వచ్చినప్పుడు, మదరాసులో ప్రధాన న్యాయమూర్తి పాకాల వెంకటరాజమన్నారుగారి యింట నాయుడుగారి వాద్యమును విని ఆనందించెను. ఒకే వాద్యమును భూగోళపు రెండు దిక్కుల సాధించిన ఇరువురు విద్వాంసులు ఎదురెదురుగ కూర్చుండిన సందర్భ మది. తెలుగువారు మాత్రము ఆ బిరుదములన్నిటి కంటె దగ్గఱగ, ఫిడేలు నాయుడుగారు అని పిలుచుకొనిరి. 1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన ఆ మహనీయుడు పరమపదించిరి. శతజయంతి సందర్భమున 1993లో భారత తపాలా శాఖ వారి స్మారకముగ తపాలాబిళ్ల విడుదల చేసెను.

ఈ జీవితమును చదివి, అంధుల కందఱకు సంగీతమే తగినదని తలంచుట పొరపాటు. చూపులేని ప్రతివాడును గాయకుడు కాడు. చూపుగల ప్రతివాడును కానట్లే. నాయుడుగారి జీవితమున గ్రహింపదగినవి మూడు సంగతులు. ఇంటిలో ఒకరు ఆ బిడ్డ యేమి చేయలేడో లెక్కపెట్టక, ఏమి చేయగలడో కనుగొనిరి. పిదప, లోకమునకు కావలసిన పనిని లోపము లేకుండ నేర్పిరి. ఆ పిమ్మట ఉద్యోగ మిచ్చు స్థానమున నున్నవారు మనిషి శరీరమును గాక పనితనమును పరీక్షించిరి. ఈ మూడింటిలో ఏ యొక్కటి తప్పినను ద్వారం వేంకటస్వామి నాయుడుగారు అను విద్వాంసుని తెలుగుదేశము ఎఱిగి యుండెడిది కాదు. అట్లు ఎఱుగక పోగొట్టుకొన్నవా రెందరో లెక్క తెలియదు.

కాలము మాఱినది. నాడు ఊరూర కావలసినది ఫిడేలు వాద్యమైనచో, నేడు కావలసినవి వేఱు. కంప్యూటరు తెరపై నున్న అక్షరములను చదివి వినిపించు సాధనములు వచ్చిన పిదప, చూపులేనివారు బ్యాంకులలో, న్యాయస్థానములలో, సాఫ్టువేరు సంస్థలలో పనిచేయుచున్నారు. 2016లో చేసిన చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించి, ప్రభుత్వోద్యోగములలో నూటికి 4 వంతులు ప్రత్యేకించినది. మచిలీపట్నము చేరువ సీతారామపురమున అంధుడుగ జన్మించిన బొల్లా శ్రీకాంతుగారు, ఇంటర్మీడియెటులో విజ్ఞానశాస్త్రము చదువు హక్కునకై న్యాయస్థానము వఱకు వెళ్లి, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున చదివి వచ్చి, 2012లో హైదరాబాదున పరిశ్రమ స్థాపించి, అంగవైకల్యము గలవారికి పని కల్పించిరి. విజయనగరపు కథకును ఈ కథకును నడుమ సుమారు వంద సంవత్సరముల దూరమున్నను, రెండింటి సారము ఒక్కటియే.

పశ్చిమ ప్రకాశమునకు ఈ విషయము దూరపు మాట కాదు. ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగినవారు ఈ సీమలో కలరు. పలకరాతి గనులలో పనిచేసి దేహము చెడినవారును కలరు. గుంటూరు నంద్యాల రైలుమార్గమున పాడుచు చేయి చాచు అంధులను ఎఱుగని ప్రయాణికుడు లేడు. ఆ చేతిలో కాసు వేయుట సులభము; వేసినవాడు తరువాతి స్టేషనులో దిగిపోవును, పాడినవాడు మఱియొక పెట్టెలోనికి పోవును. విజయరామ గజపతి మహారాజు వలె కళాశాల స్థాపించుట అందఱకు సాధ్యము కాదు. కాని వెంకటకృష్ణయ్యగారి వలె ఇంటిలోని బిడ్డ ప్రక్కన కూర్చుండి ఒక విద్య నేర్పుట సాధ్యమే. ఆ బిడ్డకు వైకల్య ధ్రువపత్రము ఇప్పించుట, తగిన పాఠశాల ఎచ్చట నున్నదో కనుగొనుట, దరఖాస్తు వ్రాసిపెట్టుట అక్షరము వచ్చిన ప్రతి గ్రామస్థునకును సాధ్యమే.

గ్రంథాలయములు ఇందు చేయదగిన పని యెంతయో కలదు. పుస్తకము కంటితో చదువువారిది మాత్రమే కాదు. సాయంకాలము ఒక గంటసేపు పదిమందికి వినబడునట్లు చదివి వినిపించు పాఠకుడున్నచో, చూపులేనివాడును గ్రంథాలయమునకు చందాదారు కావచ్చును. శబ్దరూపమున నున్న పుస్తకములను సేకరించి వినుట కొక మూల స్థలము కల్పించినచో, అతడు తనంతట తానే చదువుకొనవచ్చును. వాకిట రెండు మెట్లకు బదులు వాలుబాట నొకటి వేసినచో, నడువలేనివాడును లోపలికి రాగలడు. వచ్చినవానికి ఏ చదువు, ఏ పని యెచ్చట లభించునో తెలుపు పత్రికలు అందుబాటున నుండవలెను.

పలకపై అక్షరము కనబడని బాలుని చేతికి అన్నగారు ఫిడేలు నిచ్చిరి. అతడు పెరిగి పెద్దయై, కనబడువారికి వినుట నేర్పెను. అట్టి బాలుడో బాలికయో నేడును ఏ పల్లెలోనో బడి మానియుండవచ్చును. వారి చేతికి తగినది యేదో కనుగొని అందించుటయే ఫిడేలు నాయుడుగారి స్మృతికి చేయదగిన నిజమైన అర్చన.